పాత సున్నపు గోడల్లోంచి సిమెంటు తీయడానికి మల్టీటూల్: కొనచ్చా, ఎలా వాడాలి

చివరిదాకా చదివే తీరిక లేనివాళ్ళ కోసం ముందే చెప్పేస్తున్నాను. డంగు సున్నంతో కట్టిన పాత గోడల్లోంచి సిమెంటు తీయాలంటే, కరెంటుతో నడిచే మిషన్లలో నేను నమ్మేది బ్లేడు అటూ ఇటూ ఊగుతూ కోసే ఆసిలేటింగ్ మల్టీటూల్‌నే. కొనుక్కోండి, డబ్బు వృథా కాదు. నాలుగంగుళాల గ్రైండర్‌ని మాత్రం ఆ గోడ దగ్గరికి తీసుకెళ్ళకండి, గోడలు పగలగొట్టే బ్రేకర్ సంగతైతే తలుచుకోనే వద్దు. ఐదుకి నాలుగు మార్కులు ఇస్తాను. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించానో, ఈ మిషన్ ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పక్కన పెట్టేయాలో కొంచెం వివరంగానే రాస్తాను. ఎందుకంటే దీని మీద దొరికే రివ్యూలన్నీ టైల్స్ పీకడం, చెక్క కోయడం గురించే. మూడొందల ఏళ్ళ నాటి గోడ మీద దీన్ని ఎలా పట్టుకోవాలో తెలుగులో రాసినవాళ్ళు నాకు కనబడలేదు.

హైదరాబాద్‌లోనూ చుట్టుపక్కల జిల్లాల్లోనూ పాత ఇళ్ళు, దేవిడీలు, ఊళ్ళలో గడీలు రిపేరు చేసే చిన్న టీమ్‌లో సైటు పని చూసుకుంటాను. బ్రాండ్ పేరు కావాలనే రాయడం లేదు. నా దగ్గరున్నది 300 వాట్ల వైరు మోడల్, బరువు కిలోన్నర, స్పీడు నిమిషానికి 8,000 నుంచి 20,000 ఊపుల దాకా మార్చుకోవచ్చు. ఈ లెక్కలున్న మిషన్ ఏ మంచి కంపెనీది తీసుకున్నా పనిలో పెద్ద తేడా ఉండదు. తేడా అంతా బ్లేడులోనూ, పట్టుకున్న చేతిలోనూ ఉంటుంది.

అసలు సిమెంటు ఎందుకు తీయాలి, గట్టిగానే ఉంది కదా అని ఇంటివాళ్ళు ప్రతిసారీ అడుగుతారు. గట్టిగా ఉండడమే దాని జబ్బు. ఇప్పుడు కొట్లో దొరికే 53 గ్రేడ్ సిమెంటు అంటే 28 రోజుల తర్వాత 53 మెగాపాస్కల్ బలం వచ్చేది. పాత సున్నపు మాల్ (ఇటుకల మధ్య పెట్టే సున్నం, ఇసుక ముద్ద) బలం రెండు మూడు మెగాపాస్కల్ ఉంటే గొప్ప. అలాంటి మెత్తటి గోడకి పైన సిమెంటు గిలాబు (ప్లాస్టరింగ్) చేస్తే, ఎండకి వానకి గోడ ఒకలా కదులుతుంది, పైపొర ఇంకోలా కదులుతుంది. పైగా సున్నం గోడలోకి చేరిన తడి ఇటుకల మధ్య జాయింట్లలోంచి మెల్లగా బయటికి పోతూ ఉంటుంది, ఆ దారిని సిమెంటు మూసేస్తుంది. లోపల చిక్కుకున్న నీరు ఎక్కడో ఒకచోట బయటపడాలి కాబట్టి ఇటుకలోంచే వస్తుంది, వస్తూ ఉప్పుని కూడా తెచ్చి ఇటుక ముఖం మీద పేరుస్తుంది, కొన్నేళ్ళకి ఇటుక పొరలు పొరలుగా రాలిపోతుంది. బయటినుంచి చూస్తే సిమెంటు జాయింటు చెక్కుచెదరకుండా నిలబడి ఉంటుంది, మధ్యలో ఇటుక గుంటపడిపోయి ఉంటుంది. ఈ దృశ్యం మన ఊళ్ళలో పాత కట్టడం ఉన్న ప్రతిచోటా కనిపిస్తుంది, ఒకసారి ఆగి చూడండి.

పెద్ద కట్టడాలకీ ఇదే బాధ. గోల్కొండ పక్కన ఇబ్రహీంబాగ్‌లోని కుతుబ్‌షాహీ సమాధులకి ఇరవయ్యో శతాబ్దంలో చేసిన రిపేర్లలో చాలాచోట్ల సిమెంటు పూశారు. 2013లో ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ అనే సంస్థ రాష్ట్ర పురావస్తు శాఖతో కలిసి అక్కడ పని మొదలుపెట్టినప్పుడు, గుమ్మటాల మీదున్న ఆ సిమెంటు తీసి మళ్ళీ సున్నం వేయడమే పెద్ద పని అయింది. అదే ట్రస్టు ఢిల్లీలో హుమాయూన్ సమాధి పైకప్పు మీంచి దాదాపు పది లక్షల కిలోల కాంక్రీటు తీయించింది, అదీ చేత్తోనే. లెక్క వింటేనే కళ్ళు తిరుగుతాయి. బ్రేకర్ పెడితే పని ఎంత తొందరగా అయిపోయేదో వాళ్ళకి తెలియక కాదు, ఆ అదురు కింద గుమ్మటంలోకి దిగుతుందని తెలిసే చేత్తో తీయించారు.

ఆ స్థాయి కట్టడాల్లో ఆ ఓపికే సరైనది, అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. కానీ పాత కట్టడాలంటే సమాధులు, మినార్లు ఒక్కటే కావు కదా. మన ఊళ్ళలో వందేళ్ళు దాటిన బడులు, సత్రాలు, గడీలు, మసీదులు, చర్చిలు, కోమటి బజారు ఇళ్ళు ఎన్నో ఉన్నాయి, వాటికి ట్రస్టులు లేవు, ఏళ్ళ తరబడి పనిచేసే కారిగర్లు లేరు, ఉన్న డబ్బు ఒక సీజన్‌కి సరిపోతే ఎక్కువ. అక్కడ మిషన్ వద్దంటే పని ఆగుతుంది, లేకపోతే కాంట్రాక్టర్ వచ్చి గ్రైండర్ పెడతాడు. ఈ రెంటికీ మధ్య దారి ఉందా అని వెతుక్కుంటూనే నేను మల్టీటూల్ దగ్గరికి వచ్చాను.

ఈ మిషన్ పుట్టుకే దీని గుణం చెబుతుంది. 1967లో జర్మనీలో ఫైన్ అనే కంపెనీ ఆసుపత్రుల్లో పిండికట్టు కోయడానికి ఈ రకం రంపాన్ని తయారుచేసింది. బ్లేడు గుండ్రంగా తిరగదు, మూడు డిగ్రీల లోపే అటూ ఇటూ ఊగుతుంది. గట్టిగా బిగుసుకున్న కట్టు తెగుతుంది, కింద చర్మం బ్లేడుతో పాటే కొంచెం కదిలి తప్పించుకుంటుంది. గోడ మీద పనికి వచ్చేసరికి సున్నం చర్మంలా తప్పించుకోదు, గట్టిగా నొక్కితే అదీ తెగుతుంది, ఆ భ్రమ పెట్టుకోవద్దు. కాకపోతే ఈ బ్లేడు పరుగెత్తదు, ఎగిరి వెనక్కి తన్నదు, పెట్టినచోట పెట్టినట్టే ఉంటుంది, చెయ్యి ఎత్తగానే కోత ఆగుతుంది. పాత గోడ మీద ఒక మిషన్‌ని అది ఎంత తొందరగా కోస్తుందో చూసి కొనకూడదు, కోయకూడని చోట ఎంత తొందరగా ఆపగలమో చూసి కొనాలి.

గ్రైండర్ ఎందుకు వద్దో లెక్కతో చెబుతాను, ఎందుకంటే "నా మేస్త్రి చెయ్యి చాలా స్టడీ సార్" అనే మాట చాలామంది దగ్గర విన్నాను. చెయ్యి ఎంత స్టడీ అయినా జామెట్రీ మారదు. డిస్కు వ్యాసం 100 మిల్లీమీటర్లు. జాయింటులోంచి 25 మిల్లీమీటర్ల లోతు తీయాలి అనుకుందాం. డిస్కుని గోడలోకి 25 దించితే, గోడ ముఖం మీద అది కోసే పొడవు దాదాపు 87 మిల్లీమీటర్లు. అడ్డంగా వెళ్ళే జాయింటులో ఇది సమస్య కాదు, జాయింటు పొడుగ్గానే ఉంటుంది కాబట్టి. నిలువు జాయింటు సంగతి చూడండి. మన పాత ఇటుక పలచగా ఉంటుంది, మందం 45 అనుకోండి, అంటే నిలువు జాయింటు ఎత్తు కూడా అంతే. పైనా కిందా ఉన్న అడ్డ జాయింట్లు చెరో 10 కలుపుకున్నా 65. మిగిలిన 22 ఎక్కడికి పోతుంది? పై ఇటుకలోకి ఒక సెంటీమీటరు, కింది ఇటుకలోకి ఒక సెంటీమీటరు గాటు. ప్రతి నిలువు జాయింటుకీ రెండేసి గాట్లు. ఒక గోడలో నిలువు జాయింట్లు ఎన్ని ఉంటాయో మీరే లెక్కేసుకోండి. ఆ గాటుతో ఇటుక పైన బట్టీలో కాలి గట్టిపడిన పొర పోతుంది, లోపలున్న మెత్తటి భాగం వానకి ఎదురుగా నిలబడుతుంది. ఆ ఇటుకని ఇక వెనక్కి తెచ్చే మందు ఏదీ లేదు. అమెరికాలో నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్ళు పాత ఇటుక గోడల మీద ఇచ్చిన సూచనల్లో కూడా ఇదే ఉంటుంది. చేయి తిరిగినవాడైతే అడ్డ జాయింటు నడిమధ్యలో ఒక గాటు వరకు గ్రైండర్‌ని ఒప్పుకుంటారు, నిలువు జాయింటుకి మాత్రం వద్దంటారు. తీయాల్సిన లోతు జాయింటు వెడల్పుకి రెండు నుంచి రెండున్నర రెట్లు అని కూడా వాళ్ళే చెబుతారు, మేము పాటించే కొలత అదే.

మల్టీటూల్‌కి ఈ బాధ లేదు. సన్నటి కార్బైడ్ గ్రిట్ బ్లేడు (అంచుకి గట్టి రేణువులు అతికించినది) వేలిలా ముందుకు పొడుచుకుని ఉంటుంది, నిలువు జాయింటులో నేరుగా లోపలికి దించచ్చు, మూల దగ్గర ఆపచ్చు. మేము చేసే పద్ధతి ఇది. ముందు గోడంతా వేలి కణుపుతో తట్టి డొల్లగా మోగేచోట సుద్దతో గుర్తు పెడతాం, అక్కడ మిషన్ అసలు పెట్టం. మిగతాచోట స్పీడు సగం కంటే తక్కువలో పెట్టి, జాయింటు నడుమ ఒక గాటు తీస్తాం. ఇటుక అంచుకి రెండు మిల్లీమీటర్ల సిమెంటు కావాలనే వదిలేస్తాం. నడుమ ఖాళీ అయ్యాక, ఆ అంచు సిమెంటుని చిన్న శానం (ఇనప ఉలి) పెట్టి లోపలివైపు తడితే పెళ్ళలా ఊడి వస్తుంది, ఇటుకకి గీత కూడా పడదు. మొత్తం చేత్తో చేస్తే శానంతో కొట్టే దెబ్బల్లో ఎక్కువ భాగం ఆ నడుమ సిమెంటుని పగలగొట్టడానికే పోతుంది, ఆ దెబ్బలన్నీ ఇటుక భరించాలి. నిజం చెప్పాలంటే, సిమెంటు బాగా పట్టేసిన జాయింటులో మల్టీటూల్ వాడినప్పుడు ఇటుక అంచులు చేత్తో చేసినప్పటికంటే బాగా మిగిలాయి. ఇది నేను ఊహించలేదు.

ఇంకో సంగతి, మిషన్ నడుపుతున్నప్పుడు శబ్దం, పొడి రెండూ గమనించాలి. సిమెంటు కోస్తున్నంతసేపూ సన్నగా కీచుమంటుంది, పొడి బూడిద రంగులో వస్తుంది. వెనకున్న పాత సున్నానికి బ్లేడు తగలగానే ఆ కీచు తగ్గి మెత్తటి శబ్దం మొదలవుతుంది, పొడి తెల్లబడుతుంది, ఆ కాలంలో సుర్ఖీ (ఇటుక పొడి) కలిపి ఉంటే లేత గులాబీ రంగులోకి మారుతుంది. ఆ రంగు కనబడగానే చెయ్యి ఎత్తాలి. గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంటే, ఆ రొదలో, ఆ దుమ్ములో ఈ తేడా ఎవరికీ తెలియదు. మా పెద్ద మేస్త్రి పాలమూరు వైపు మనిషి, సున్నం పనిలో జుట్టు నెరిసినవాడు, మొదట్లో ఈ మిషన్‌ని ముట్టుకోలేదు. "మిషన్‌కేం ఎర్క సార్ ఏది సున్నమో ఏది సిమెంటో, చెయ్యికైతే ఎర్కైతది" అన్నాడు. "నువ్వే పట్టుకుని చూడు పెద్దన్నా, నచ్చకపోతే పక్కన పెట్టేద్దాం" అన్నాను. పట్టుకుని కాసేపు నడిపి, ఆపి, ఆ గులాబీ పొడిని వేళ్ళతో నలిపి చూసి, "గిది జర ఇన్నట్టే ఉన్నది సార్ మాట" అన్నాడు. ఇప్పుడు కుర్రాళ్ళకి ఆయనే నేర్పుతున్నాడు, స్పీడు చక్రం మీద మూడో నంబరు దగ్గర పెయింటుతో గీత పెట్టి, అది దాటిస్తే ఊరుకోడు.

ఇక తగ్గించిన మార్కు సంగతి. మొదటిది, బ్లేడులు తినేస్తుంది. మిషన్ ధర పది వేలు అటూ ఇటూ అనుకుంటే, పెద్ద గోడ ఒకటి పూర్తయ్యేలోపు బ్లేడులకే అంతకు మించి పోయే అవకాశం ఉంది. సున్నం మాల్ అయితే కార్బైడ్ గ్రిట్ చాలు, గట్టి సిమెంటుకి డైమండ్ గ్రిట్ తీసుకోండి, ధర ఎక్కువైనా చివరికి అదే చవక పడుతుంది. ఒరిజినల్ అని నమ్మించి అమ్మే నకిలీ బ్లేడులు బజారులో చాలా ఉన్నాయి. రాణిగంజ్‌లో ఒక షాపులో కొన్న బ్లేడుకి మొదటి జాయింటులోనే గ్రిట్ మొత్తం రాలిపోయి నున్నటి రేకు మిగిలింది, వెనక్కి తీసుకెళితే వాడేశారు కదా అని మార్చలేదు. అందుకని ఒక్కటి కొని, వాడి చూశాకే డజను కొనండి. రెండోది, బ్లేడు బిగించే పద్ధతి అన్ని మిషన్లకీ ఒకటి కాదు. 2016లో ఫైన్, బాష్ కలిసి తెచ్చిన స్టార్‌లాక్ పద్ధతి ఉన్న చాలా మిషన్లలో బ్లేడు టక్కున మార్చేయచ్చు, రెంచీ అక్కర్లేదు. పరంజా మీద నిలబడి చిన్న స్క్రూ చేతిలోంచి జారిపోతే ఎంత విసుగొస్తుందో పని చేసినవాళ్ళకి తెలుసు. మూడోది, ఎక్కువసేపు ఆపకుండా నడిపితే గేర్ల దగ్గర మిషన్ చేతికి కాలేంత వేడెక్కుతుంది, చేతి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఒకరు కాసేపు నడిపి ఇంకొకరికి ఇవ్వాలి, ఆ తిమ్మిరిని నిర్లక్ష్యం చేస్తే నరాలకి శాశ్వతంగా దెబ్బ.

పెద్ద గోడ మీద సిమెంటు గిలాబు మొత్తం తీయాలంటే ఈ మిషన్ ఒక్కటే చాలదు. ఒక పని చేయచ్చు. గిలాబు మందం కొలిచి, బ్లేడు అంతకు మించి లోతుకి దిగకుండా ఆపే డెప్త్ స్టాప్‌ని దానికంటే ఒక మిల్లీమీటరు తక్కువకి పెట్టి, గోడంతా అడుగు అడుగు గళ్ళుగా కోసేయాలి. తర్వాత ఒక్కో గడినీ పట్టీ శానంతో అంచునుంచి ఎత్తితే పలకల్లా వస్తాయి. గళ్ళు కోయకుండా సుత్తి పెట్టి బాదితే ఒక పెళ్ళ ఊడుతూ తన పక్కనున్న పాత గచ్చుని (సున్నపు పైపూతని) కూడా లాక్కుపోతుంది. గచ్చు నగిషీ ఉన్నచోట, అంటే కమానుల మీద పూలు, లతలు, మినార్ల మీద రేకులు ఉన్నచోట ఇది కూడా వద్దు. 2019 మేలో చార్మినార్ మినారు మీది గచ్చు పెళ్ళ ఒకటి ఊడి కింద పడింది, 1591లో కట్టిన ఆ కట్టడం మీద అది ఎంత పెద్ద వార్త అయిందో గుర్తుండే ఉంటుంది. అలాంటి గచ్చు చాలాచోట్ల లోపల గోడని వదిలేసి పైపైన వేలాడుతూ ఉంటుంది, చూడ్డానికి మాత్రం బాగానే ఉంటుంది. దాని పక్కన ఐదు కిలోల బ్రేకర్ పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా ఎందుకు?

నగిషీ దగ్గర మాకు పనికొచ్చిన ఒకే ఒక్క మిషన్ గాలి ఉలి. పెన్ను కంటే కొంచెం లావుగా ఉంటుంది, చిన్న కంప్రెసర్‌తో నడుస్తుంది, గాలి తగ్గిస్తే దెబ్బ గోకినట్టు ఉంటుంది. పూల రేకుల మధ్య ఇరుక్కున్న పెయింటు, సిమెంటు చుక్కలు తీయడానికి దీన్ని మించింది లేదు. కంప్రెసర్ రొద, పైపు లాక్కుంటూ తిరగడం తలనొప్పి. పైగా చెయ్యి తిరిగిన మనిషికే ఇవ్వాలి, కొత్తవాళ్ళకి మల్టీటూల్ నేర్పచ్చు గానీ ఇది నేర్పే ముందు చాలాకాలం చేతి ఉలి పట్టించాలి.

రాతి పని చేసేవాళ్ళు గ్రైండర్‌ని నేను మరీ తిడుతున్నానని అనుకోవద్దు. ఆళ్ళగడ్డ శిల్పులు అదే గ్రైండర్‌తో కొత్త రాయి మీద చేసే పని చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. కొత్త రాయి వేరు, నిలబడి ఉన్న పాత రాయి వేరు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం రాళ్ళని విప్పి, నంబర్లు వేసి, ఏళ్ళ తర్వాత మళ్ళీ పేర్చి 2024 మార్చిలో తెరిచారు. అలాంటి పనిలో రాళ్ళు ఎత్తే క్రేన్ లేకపోతే ఏమీ జరగదు. పాత రాయికి క్రేన్ కావాలి, కొత్తగా చెక్కే రాయికి గ్రైండర్ కావచ్చు, కానీ పాత రాయి ముఖం మీద గ్రైండర్ వద్దు. పారిస్‌లో నోత్రదామ్ చర్చి 2019లో కాలిపోయాక పైకప్పు ఓక్ దూలాలని వడ్రంగులు గొడ్డళ్ళతోనే చెక్కారు, వాటిని పైకి ఎత్తింది మాత్రం క్రేనే. 2024 డిసెంబర్‌లో తెరిచారు. చెయ్యి ఎక్కడ, మిషన్ ఎక్కడ అని వాళ్ళు గీసుకున్న గీత నాకు బాగా నచ్చింది.

కడిగే మిషన్ల గురించి ఒక్క మాట. కార్లు కడిగే ప్రెషర్ వాషర్ తెచ్చి పాత గోడ మీద కొట్టడం ఈ మధ్య ఎక్కువైంది. 100 బార్ దాటిన నీళ్ళు సున్నపు జాయింటుని తవ్వేస్తాయి, లోపలికి దూరిన నీళ్ళు ఆరడానికి నెలలు పడుతుంది. ఇసుక బ్లాస్టింగ్ ఇంకా ఘోరం. తమిళనాడు గుళ్ళలో ఇసుక బ్లాస్టింగ్‌తో శిల్పాలు, శాసనాలు అరిగిపోయాయని ఎంత గొడవ జరిగిందో తెలిసినవాళ్ళు మన గుళ్ళలో మళ్ళీ అదే చేయిస్తుంటే ఏడుపొస్తుంది. శాసనం రాయి పైపొరలోనే ఉంటుంది, అది పోతే ఆ ఊరి చరిత్రలో ఒక కాగితం పోయినట్టే. మెత్తటి కుంచె, మామూలు నీళ్ళు, ఓపిక ఉంటే చాలావరకు మురికి పోతుంది.

మనసుకి అన్నిటికంటే నచ్చిన మిషన్ ఏదంటే మోటారు గానుగ. సిమెంటు తీసినచోట మళ్ళీ సున్నమే నింపాలి కదా. ఒకప్పుడు ఎద్దులు తిప్పిన గానుగలో రాతి చక్రం దొర్లుతూ సున్నం, ఇసుక, సుర్ఖీలని నలిపేది. ఇప్పుడు ఇనప తొట్టిలో రెండు బరువైన చక్రాలు మోటారుతో తిరుగుతాయి. డ్రిల్లుకి కడ్డీ తగిలించి బకెట్లో కలిపే పద్ధతితో సున్నం కలిసినట్టు కనిపిస్తుంది గానీ నలగదు. సున్నాన్ని నలపాలి, నూరాలి, అప్పుడే ప్రతి ఇసుక రేణువుకీ పట్టుకుంటుంది, తక్కువ నీళ్ళతో జిగురొస్తుంది, ఆరినప్పుడు పగుళ్ళు తక్కువ. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు పోస్తుంటే గానుగ దగ్గర వచ్చే వాసన సైటంతా పాకుతుంది. మెత్తగా వెన్నలా అయిన మాల్ ని తాపీ మీదకి తీసి తిరగేస్తే కింద పడకూడదు, అదే మా పరీక్ష. ఈ పనిలో మోటారు పెట్టినందువల్ల పాత పద్ధతికి ఏ లోటూ రాలేదు, పైగా ఎద్దుల గానుగ లేదు కాబట్టి సిమెంటు వేసేశాం అనే సాకు పోయింది. గానుగ అద్దెకు దొరకడం మాత్రం కష్టం, మంచిది చేయించుకోవాలంటే లేతు పనివాళ్ళ దగ్గర చెప్పి చేయించుకోవాలి.

దుమ్ము గురించి రాయకపోతే తప్పు. మాల్‌లో ఇసుక ఉంటుంది, గోడలో గ్రానైట్ ఉంటుంది, రెంటిలోనూ సిలికా ఉంటుంది. ఆ సన్న దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే సిలికోసిస్‌కి నయం చేసే మందు లేదు. తువ్వాలు ముక్కుకి కట్టుకుంటే సరిపోదు. మల్టీటూల్‌కి దుమ్ము లాగే గొట్టం తగిలించుకునే వీలుంది, వాక్యూమ్ పెట్టి నడిపితే గోడ ముందు మనిషి కనబడతాడు, గ్రైండర్ పెట్టినప్పుడు పొగమంచులో ఉన్నట్టు కనబడడు. వాక్యూమ్ ఉన్నా ముఖానికి గట్టిగా అతుక్కునే ఎన్95 మాస్కు, కళ్ళద్దాలు తప్పనిసరి. కూలీకి వచ్చినవాళ్ళు ఉక్కగా ఉందని మాస్కు తీసేస్తుంటారు, తీసినప్పుడల్లా పని ఆపేయండి, వాళ్ళు విసుక్కున్నా పర్వాలేదు. వాళ్ళకి పిల్లలున్నారు.

ఇదంతా చదివి ఎవరైనా మిషన్ పట్టుకుని ఊరి గుడి మీదకి వెళ్ళే ముందు, ఆ కట్టడం రక్షిత కట్టడమా కాదా చూసుకోండి. కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నదైతే దాన్ని మనం ముట్టుకోవడానికే లేదు. దాని చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం, ఆ పరిధిలో ఉన్న మీ సొంత ఇంటి రిపేరుకి కూడా అనుమతి తీసుకోవాలి. తెలంగాణలో రాష్ట్ర రక్షణలో ఉన్నవాటికి 2017 నాటి వారసత్వ చట్టం ఉంది. ఈ రివ్యూ అంతా ఏ బోర్డూ లేని, ఎవరూ పట్టించుకోని పాత కట్టడాల కోసం రాసింది. వాటిని కాపాడాల్సింది మనమే కాబట్టి.

కొనేవాళ్ళకి చివరిగా రెండు మూడు సంగతులు. వైరు మోడలా బ్యాటరీ మోడలా అంటే, రోజంతా జాయింట్లు తీసే పనికి వైరుదే తీసుకోండి, బ్యాటరీది సిమెంటులో తొందరగా దిగిపోతుంది. పరంజా పైన, మినారు మీద, కరెంటు లాగడం ప్రమాదం అనిపించినచోట 18 వోల్టుల బ్యాటరీది అద్దెకు తెచ్చుకుంటే చాలు. స్పీడు మార్చే చక్రం లేని చవక మోడల్ ఎంత తక్కువకి వచ్చినా వద్దు, పాత గోడకి అది పనికిరాదు. డెప్త్ స్టాప్, దుమ్ము లాగే గొట్టం చాలా మోడళ్ళకి బాక్సులో రావు, విడిగా అడిగి, అవి ఆ మోడల్‌కి దొరుకుతాయని షాపువాడు చూపించాకే డబ్బు కట్టండి. మోటారులో ఉండే కార్బన్ బ్రష్‌ల జత కూడా ఒకటి అప్పుడే తీసుకుని బాక్సులో వేసుకోండి, అవి అరిగేది ఎప్పుడూ ఆదివారం సాయంత్రమే.